ఆడుట వేరు, ఆటను అల్లుట వేరు

కంప్యూటరు ఆటలు చదువును చెడగొట్టునని పెద్దలు భయపడుట సహజమే. అయితే ఆడుట వేరు, ఆటను అల్లుట వేరు. ఆడువాడు పరులు పెట్టిన నియమాలకు లోబడతాడు. అల్లువాడు ఆ నియమాలను తానే ఆలోచించి ఏర్పరుస్తాడు. ఈ భేదాన్ని గుర్తించి, ప్రోగ్రామింగు బోధనలో ఆటల నిర్మాణానికి చోటు కల్పించవలెనని మా అభిప్రాయం.

ఈ ఆలోచన కొత్తది కాదు. 1967లోనే అమెరికాలో సేమర్ పేపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫ్యూర్జిగ్ ప్రభృతులు పిల్లల కొరకు 'లోగో' అనే భాషను రూపొందించారు. తాబేలుకు ఆజ్ఞలిచ్చి బొమ్మలు గీయించే పద్ధతి దానివల్లనే ప్రసిద్ధి కెక్కింది. నేడు కళాశాలల్లో విరివిగా బోధించే పైథాన్ భాషకు ఆటల కొరకు 2000లో 'పైగేమ్' అనే లైబ్రరీ వచ్చింది. అందులో కిటికీ తెరచుట మొదలు మీటల నొక్కుళ్ళను కనిపెట్టుకొని ఉండుట వరకు తతంగమంతా విద్యార్థియే వ్రాసుకోవాలి. ఆ భారాన్ని తొలగించి, బోధన కొరకే డేనియల్ పోప్ 2015లో 'పైగేమ్ జీరో'ను వెలువరించారు.

ఇందులో బొమ్మను చూపుటకు 'డ్రా', కదల్చుటకు 'అప్‌డేట్' అనే రెండు ఫంక్షన్లు వ్రాస్తే చాలును. రెండవదానిని సెకనుకు 60 మార్లు పిలిచే పని లైబ్రరీయే చూసుకొంటుంది. బంతి గోడను తాకి వెనుదిరగాలంటే వేగపు గుర్తు ధనం నుండి ఋణానికి మారాలి. గణితంలో వల్లెవేసిన గుర్తు ఇక్కడ కళ్ళెదుట కదలాడుతుంది. షరతు తప్పితే బంతి గోడ దాటి మాయమవుతుంది. ఆ తప్పును అధ్యాపకునికంటె ముందు తెరయే చెబుతుంది. ప్రోగ్రాములను పరీక్ష కొరకు బట్టీపట్టే జాడ్యానికి ఇది మంచి మందు.

తెలుగు, ఉర్దూ మాధ్యమాలలో చదివివచ్చిన మన విద్యార్థులకు మరొక మేలు కలదు. 2008లో వెలువడిన పైథాన్ 3 నుండి చలరాశులకు మన లిపులలోనే పేర్లు పెట్టవచ్చును. ఒకరు 'వేగం' అనీ, పక్కవారు ఉర్దూలో 'రఫ్తార్' అనీ వ్రాసినా బంతి ఒకే తీరున పరుగెడుతుంది. భాషలోని మూలపదాలు ఇంగ్లీషువే. ఉద్యోగంలో పేర్లు కూడ ఇంగ్లీషులోనే వ్రాయవలసి రావచ్చును. కాని తొలిమెట్టుపై భయం తీరితే తక్కిన మెట్లు తామే ఎక్కగలరు.

ఆటలతోనే విద్య పూర్తి అగునని మేము అనము. లెక్కల పట్టికలు, సమాచార నిధులు తరువాత నేర్వవలసినవే. అయితే ఈ లైబ్రరీలకు రుసుము లేదు, ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. కనుక మొదటి సంవత్సరంలో వారానికి రెండు ప్రయోగశాల గంటలు దీనికి కేటాయించవలసినదిగా కళాశాల కమిటీవారిని కోరుతున్నాము. తాను వ్రాసిన ప్రతి పంక్తికీ అర్థం చెప్పగలిగినప్పుడే విద్యార్థికి మార్కులు ఇవ్వాలి. ఆ నియమం ఉన్నంతవరకు ప్రయోగశాల ఆటస్థలంగా మారునన్న శంకకు తావు లేదు.