పాయసం మానెయ్యమని ఎవరన్నారు?

పొద్దున తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగేసరికి నాకు కడుపుబ్బరం మొదలయ్యేది. డాక్టర్ ఐబీఎస్ అన్నారు. లో-ఫాడ్‌మ్యాప్ డైట్ అని ఒక లిస్టు ఇచ్చారు. పాలు, గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, జీడిపప్పు వద్దు. ఆఖరికి 2022లో జీఐ గుర్తింపు తెచ్చుకున్న మా తాండూరు కందిపప్పు కూడా తగ్గించాలట!

పప్పు సంగతి సరే. అసలు గొడవ పాయసంతో వచ్చింది. నాయనమ్మ సేమ్యా పాయసం పెడితే వద్దన్నాను. "ఏం బిడ్డా, నా చేతిది గూడ వద్దంటవా?" అంది. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు.

నాకేమనిపిస్తుందంటే, ఆ లిస్టుని మనం తప్పుగా చదువుతున్నాం. మెల్‌బోర్న్‌లోని మొనాష్ యూనివర్సిటీ వాళ్లు ఈ డైట్ తయారుచేసింది తీపి మాన్పించడానికి కాదు. కొన్ని రకాల కార్బోహైడ్రేట్లు పేగుల్లో సరిగా ఇంకవు, అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ వస్తుంది. వాటిని కొన్ని వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిని చూడాలి. బగ్ దొరక్కపోతే కోడ్ అంతా కామెంట్ చేసి ఒక్కో లైనూ తెరుస్తాం కదా, అచ్చం అదే. మామూలు చక్కెరతో పేచీ లేదు. పాపం మా ఫ్రెండ్ ఒకడు నాకోసం షుగర్‌ఫ్రీ ఐస్‌క్రీం తెచ్చాడు. డబ్బా వెనక చూస్తే మాల్టిటాల్! అది కూడా ఫాడ్‌మ్యాపే.

సేమ్యా పాయసంలో సేమ్యా, పాలు, జీడిపప్పు, కిస్మిస్ నాలుగూ ఫెయిల్. చక్కెర, నెయ్యి, యాలకులు పాస్. అంటే మార్చాల్సింది దినుసుల్ని.

అనంతగిరి పద్మనాభస్వామి గుడిలో కొట్టిన కొబ్బరికాయ ఇంట్లో ఉంటే నాయనమ్మనే అడిగాను. బియ్యం మెత్తగా ఉడికించి, చక్కెర వేసి, దించేముందు చిక్కటి కొబ్బరిపాలు పోసింది. మరిగితే విరుగుతాయని తనే చెప్పింది. పైన నేతిలో వేయించిన పల్లీలు. మీగడ తిన్నట్టే ఉంది. "పాలదానంత లేదు" అంది నాయనమ్మ. నిజమే. అయినా నా గిన్నె మళ్లీ నింపబోయింది. నేనే ఆపాను, కొబ్బరిపాలు కూడా ఎక్కువైతే ఊరుకోవు.

లాక్టోజ్ తీసేసిన పాల ప్యాకెట్లూ దొరుకుతాయి. కాస్త తియ్యగా ఉంటాయి, ధరే ఎక్కువ. మీకూ ఇలాంటి ఇబ్బంది ఉంటే వాట్సాప్ లిస్టు చూసి మొదలుపెట్టకండి, ముందు డాక్టర్‌ని అడగండి.

వచ్చే ఆదివారం నా పాల టెస్ట్. అరగ్లాసుతో మొదలు. పాస్ అయితే సేమ్యా సంగతి తర్వాత చూద్దామని నాయనమ్మకి చెప్పాను.