సముద్రం దాటితే చెల్లని లైసెన్సు

ఉమ్మడి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెల నుండి దుబాయి, సౌదీలకు, ఉమ్మడి కడప జిల్లాలోని రాజంపేట, రాయచోటి ప్రాంతాల నుండి కువైట్‌కు డ్రైవర్ పని మీద వెళ్ళేవారు తక్కువేమీ కాదు. లారీ మీదనో, అద్దె కారు మీదనో పదేళ్ళు, పదిహేనేళ్ళు చెయ్యి తిరిగినవాడు వీసా కోసం అప్పు చేసి విమానం ఎక్కుతున్నాడు. జేబులో లైసెన్సు ఉన్నది గనుక దిగిన మర్నాడే స్టీరింగ్ పట్టవచ్చునన్నది అతని ధీమా. ఆ లైసెన్సు అక్కడ పనికి రాదన్న సంగతి చేరిన తరువాత గాని బోధపడటం లేదు. అక్కడి లైసెన్సు వచ్చేదాకా డ్రైవర్ జీతం ఉండదు. ఊళ్ళో చేసిన అప్పుకు వడ్డీ మాత్రం మొదటి నెల నుండే నడుస్తుంది.

అమెరికా, బ్రిటన్, జర్మనీ, ఆస్ట్రేలియాలకు వెళ్ళే ఇంజనీర్లకు, విద్యార్థులకు కూడా ఈ చిక్కు ఉన్నది. అయితే వారికి అది ఇబ్బంది మాత్రమే. బస్సు ఎక్కి పనికి పోగలరు. డ్రైవర్‌గా వెళ్ళినవాడికి అదే బతుకుతెరువు.

దేశం మారినప్పుడు లైసెన్సు మార్పిడి అనే ఏర్పాటు చాలా చోట్ల ఉన్నది. కొన్ని దేశాలవారు తమ లైసెన్సును అప్పగించి, పరీక్ష లేకుండానే కొత్త దేశపు లైసెన్సు తీసుకోవచ్చు. ఏ ఏ దేశాలవారికి ఈ వెసులుబాటు వర్తిస్తుందో ఆయా ప్రభుత్వాలు జాబితాలు వేసుకున్నాయి. యు.ఎ.ఇ. జాబితాలో గల్ఫ్ పొరుగు దేశాలు, బ్రిటన్, అమెరికా, జపాన్, దక్షిణాఫ్రికా వంటివి ఉన్నాయి. బ్రిటన్ జాబితాలో ఆస్ట్రేలియా, కెనడా, జపాన్ వంటివి, జర్మనీ జాబితాలో జపాన్, దక్షిణ కొరియా వంటివి ఉన్నాయి. ఈ మూడింటిలో దేనిలోనూ భారతదేశం పేరు లేదు.

ఎడమ, కుడి వాదం

మన దేశంలో రోడ్డుకు ఎడమ పక్కన నడుపుతాము, గల్ఫ్‌లో కుడి పక్కన నడపాలి, అందుకే మన లైసెన్సు చెల్లదని వీసా ఏజెంట్లు చెబుతుంటారు. వినడానికి సబబుగానే ఉన్నా ఈ వాదం నిలవదు. బ్రిటన్‌లోనూ, జపాన్‌లోనూ, దక్షిణాఫ్రికాలోనూ వాహనాలు ఎడమ పక్కనే నడుస్తాయి. ఆ దేశాల లైసెన్సులను యు.ఎ.ఇ. స్వీకరిస్తూనే ఉన్నది. పోనీ, మనలాగే ఎడమ పక్కన నడిపే బ్రిటన్ మన లైసెన్సును మార్చి ఇస్తున్నదా అంటే, అదీ లేదు.

అసలు సంగతి లైసెన్సు ఇచ్చే పద్ధతి మీద నమ్మకం. బ్రిటన్‌లో డ్రైవింగ్ పరీక్ష సుమారు 40 నిమిషాల పాటు నిజమైన రోడ్డు మీద జరుగుతుంది. చిన్న తప్పులు 15 వరకు క్షమిస్తారు. ప్రమాదానికి దారి తీసే తప్పు ఒక్కటి జరిగినా ఫెయిల్. దానికి ముందు థియరీ పరీక్షలో 50 ప్రశ్నలకు 43 సరిగా రాయాలి. రానున్న ప్రమాదాన్ని తెర మీద ముందుగా పసిగట్టే పరీక్షలో 75కు 44 మార్కులు తెచ్చుకోవాలి. జర్మనీలో రోడ్డు పరీక్షకు కేటాయించే సమయం 55 నిమిషాలు. మన ఆర్.టి.ఓ. ఆఫీసు ఆవరణలో '8' ఆకారం, 'హెచ్' ఆకారం ట్రాక్ మీద జరిగే తతంగం ఎంతసేపో జిల్లాలో లైసెన్సు తీసుకున్న ప్రతివారికీ విదితమే.

ఇది పరాయివారు వేసిన నింద కాదు. 2019లో మోటారు వాహనాల సవరణ బిల్లు మీద చర్చ సందర్భంగా కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీయే దేశంలోని లైసెన్సులలో 30 శాతం బోగస్‌వని లోక్‌సభలో చెప్పారు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో మరణించినవారు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ఈ రెండు మాటలు ముందుంచుకున్న ఏ విదేశీ అధికారి అయినా మన కార్డును చూసి మరో పరీక్ష పెడితే ఆశ్చర్యపడవలసింది లేదు. విచారించవలసిందల్లా, నిజాయితీగా నేర్చుకుని, లక్షల కిలోమీటర్లు ప్రమాదం లేకుండా నడిపినవాడు కూడా ఆ 30 శాతంతో పాటు కట్టకట్టబడటం.

దుబాయిలో ఏం జరుగుతున్నది

దుబాయిలో తేలికపాటి వాహనాల లైసెన్సుకు డ్రైవింగ్ స్కూలులో చేరడం తప్పనిసరి. మొదటిసారి నేర్చుకునేవారికి 20 గంటల శిక్షణ. స్వదేశంలో లైసెన్సు తీసుకుని రెండు నుండి అయిదేళ్ళు అయినవారికి 15 గంటలు, అయిదేళ్ళు దాటినవారికి 10 గంటలు. అంటే మన లైసెన్సు అక్కడ బొత్తిగా వృథా కాదు, శిక్షణ గంటలను తగ్గించే ఆధారంగా పనికి వస్తుంది. ఈ సంగతి తెలియక పాత లైసెన్సును ఇంట్లోనే పెట్టి వెళ్ళినవారు కొత్తగా నేర్చుకునేవారితో సమానంగా పూర్తి గంటలకు డబ్బు కట్టవలసి వస్తుంది.

శిక్షణ తరువాత థియరీ, పార్కింగ్, రోడ్డు పరీక్షలు. ఫెయిలైతే మళ్ళీ అదనపు క్లాసులు, మళ్ళీ ఫీజు. మొత్తం ఖర్చు వేల దిర్హములలో ఉంటుంది. కొందరు యజమానులు దీన్ని భరిస్తారు, కొందరు జీతంలో కోత పెడతారు. కొందరు లైసెన్సు వచ్చేదాకా మనిషిని గోడౌన్‌లోనో, తోటలోనో హెల్పర్‌గా పెట్టుకుని హెల్పర్ జీతమే ఇస్తారు. ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు, ఈ ఖర్చు ఎవరిది, పరీక్ష తప్పితే పరిస్థితి ఏమిటి అన్న రెండు ప్రశ్నలు అడిగేవారు అరుదు.

పరీక్ష తప్పేవారిలో కొత్తవారే గాక పాతకాపులూ ఉంటారు. అడ్డం వచ్చిన గేదెను, ఎదురుగా తప్పు దారిలో వచ్చిన ఆటోను తప్పించుకుంటూ పదేళ్ళు నడిపినవాడికి హారన్ మీద చెయ్యి, బ్రేకు మీద కాలు అలవాటు. లేను మారే ముందు అద్దం చూసి, తల తిప్పి భుజం మీదుగా చూడటం అలవాటు ఉండదు. అక్కడి ఎగ్జామినర్ మొదట గమనించేది దాన్నే. చెయ్యి తిరగడం వేరు, నియమం పాటించడం వేరు. రెండోది మన రోడ్ల మీద నేర్చుకునే వీలు తక్కువ.

2023లో దుబాయి అధికారులు 'గోల్డెన్ చాన్స్' పేరుతో ఒక వెసులుబాటు కల్పించారు. జాబితాలో లేని దేశాల లైసెన్సుదారులు శిక్షణ లేకుండా నేరుగా పరీక్షకు కూర్చోవచ్చు. అవకాశం ఒక్కసారే, తప్పితే అందరితో పాటు స్కూలులో చేరవలసిందే. రోడ్డు నియమాలు చదివి, కుడి పక్క నడపడం కొంత సాధన చేసి వెళ్ళినవారికి ఇది మంచి ఏర్పాటు. చదవకుండా అదృష్టం పరీక్షించుకునేవారికి పరీక్ష ఫీజు నష్టం.

కువైట్ తీరు మరొకటి. 2014లో అక్కడి ప్రభుత్వం విదేశీయులకు లైసెన్సు ఇవ్వడానికి డిగ్రీ, నెలకు 600 దీనార్ల జీతం, రెండేళ్ళ నివాసం అనే షరతులు విధించింది. ఇళ్ళలో డ్రైవర్లుగా వెళ్ళేవారికి వీటి నుండి మినహాయింపు ఇచ్చింది. కాని ఆ మినహాయింపు ఉద్యోగాన్ని బట్టి వచ్చినదే గాని మనిషిని చూసి ఇచ్చినది కాదు. డ్రైవర్ పని మాని మరో పనికి మారితే లైసెన్సుకు ఆధారమే పోతుంది.

పర్మిట్ వేరు, లైసెన్సు వేరు

ఏజెంట్ల మాటలలో ఎక్కువ నష్టం కలిగిస్తున్నది ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ గురించిన ప్రచారం. ఆర్.టి.ఓ. ఆఫీసులో 4-ఎ ఫారం నింపి, 1,000 రూపాయల ఫీజు కడితే ఇది వస్తుంది. గడువు ఏడాది. 1949 నాటి జెనీవా ఒప్పందం మేరకు ఇచ్చే ఈ పర్మిట్ కొద్ది రోజులు చూడబోయేవారి కోసం ఏర్పడింది. ఇది ఒంటరిగా చెల్లదు, అసలు లైసెన్సు వెంట ఉండాలి. యు.ఎ.ఇ.లో నివాస వీసా వచ్చిన తరువాత మన పర్మిట్‌తో బండి నడపడం నేరం. అట్లా నడుపుతూ ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు కంపెనీ చేతులు దులుపుకుంటుంది. వెయ్యి రూపాయల కాగితాన్ని అంతకు ఎన్నో రెట్లకు 'గల్ఫ్ లైసెన్సు' అని అంటగట్టేవారి పట్ల నిఘా అవసరం.

చదువుకున్నవారిలో కూడా ఈ గందరగోళం ఉన్నది. బ్రిటన్‌లో స్థిరపడినవారు మన లైసెన్సుతో 12 నెలలు నడపవచ్చు. 12 నెలలు దాటిన మర్నాటి నుండి నేర్చుకునేవారితో సమానం. కారుకు 'ఎల్' బోర్డు, పక్కన లైసెన్సు ఉన్న మనిషి తప్పనిసరి. అక్కడ ఆటోమేటిక్ కారు మీద పరీక్ష పాసైతే గేర్ల కారు నడిపే అర్హత రాదు. జర్మనీలో గడువు ఆరు నెలలు. ఆ తరువాత థియరీ, రోడ్డు పరీక్షలు రెండూ రాయాలి. మన లైసెన్సు ఉన్నందుకు నిర్బంధ శిక్షణ గంటలు మాత్రం మాఫీ. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో తాత్కాలిక వీసాదారులకు కూడా 2023 జులై నుండి ఆరు నెలల గడువు పెట్టారు. సింగపూర్ ఒక్కటి కొంత నయం, ఏడాది లోపల థియరీ పరీక్ష పాసైతే కారు లైసెన్సు మార్చి ఇస్తుంది.

అమెరికాలో రాష్ట్రానికో నిబంధన. టెక్సాస్‌లో కొత్తగా వచ్చినవారికి 90 రోజులు, కాలిఫోర్నియాలో స్థిరపడినవారికి 10 రోజులు గడువు. రెండు చోట్లా మనవారు పరీక్షలు రాయవలసిందే. పరీక్ష పాసైనా లైసెన్సు గడువు వీసాతో ముడిపడి ఉంటుంది; 2005 నాటి 'రియల్ ఐడి' చట్టం ఫలితమిది. హెచ్-1బి పొడిగింపు దరఖాస్తు పెండింగులో ఉంటే 240 రోజుల వరకు ఉద్యోగం చేసే హక్కు ఉన్నది. ఈలోగా లైసెన్సు గడువు ముగిసి, ఆఫీసుకు వెళ్ళే హక్కు ఉండి కారు నడిపే హక్కు లేని పరిస్థితి ఎదురవుతున్నది.

ఇక్కడి ఆఫీసులో చేసుకోవలసినవి

జాబితాలలో భారత్‌ను చేర్చే పని ఢిల్లీది. దానికి మన లైసెన్సు పరీక్షల పేరు మారాలి. 2021లో కేంద్రం గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల పథకం తెచ్చింది. అందులో తేలికపాటి వాహనానికి నాలుగు వారాలలో 29 గంటల శిక్షణ; అక్కడ ఉత్తీర్ణులైనవారికి ఆర్.టి.ఓ. పరీక్ష ఉండదు. 29 గంటలు నిజంగా నేర్పితే పేరు మారవచ్చు. నేర్పకుండా సర్టిఫికెట్లు చేతులు మారితే ఉన్న పేరు కూడా పోతుంది.

ఈలోగా వెళ్ళేవారు జిల్లాలోనే చేసుకోవలసిన పనులు కొన్ని ఉన్నాయి. మొదటిది పేరు. మన లైసెన్సులపై ఇంటిపేరు ఒక పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉండటం సర్వసాధారణం. ఇద్దరూ ఒక్కరేనని విదేశీ గుమస్తాకు నచ్చజెప్పడం కష్టం. వెళ్ళే ముందే దిద్దించుకోవాలి. రెండవది మొదటి జారీ తేదీ. పాత పుస్తకం మార్చి కార్డు తీసుకున్నప్పుడు ఆ తేదీ సరిగా ఎక్కకపోతే పదిహేనేళ్ళ అనుభవం కాస్తా రెండేళ్ళుగా కనిపిస్తుంది. దుబాయిలో 10 గంటల శిక్షణ 15 అవుతుంది. మూడవది లైసెన్సు ఎక్స్‌ట్రాక్ట్, అనగా ఎప్పుడు, ఏ వాహనాలకు అనుమతి ఇచ్చారో ధ్రువీకరించే కాగితం. కెనడాలోని ఒంటారియోలో రెండేళ్ళకు మించిన అనుభవాన్ని లెక్కలోకి తీసుకోవాలంటే, లైసెన్సు ఇచ్చిన ఆఫీసు నుండి ఇటువంటి ధ్రువపత్రం అడుగుతారు. విమానం ఎక్కిన తరువాత దీని కోసం అన్ననో బావమరిదినో ఆఫీసు చుట్టూ తిప్పడం కన్నా ముందే చేతబట్టుకోవడం మేలు. హైదరాబాద్‌లోని టాంకామ్, ఆంధ్రప్రదేశ్‌లోని ఓంక్యాప్ వంటి ప్రభుత్వ సంస్థలు డ్రైవర్లకు ఈ మూడు ముక్కలూ ఒక కాగితం మీద తెలుగులో అచ్చు వేసి ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

ఇక్కడి లైసెన్సు గడువును మరచిపోవడం మరో పొరపాటు. 2019 సవరణ తరువాత, గడువు ముగిసిన ఏడాది లోపల రెన్యూవల్‌కు దరఖాస్తు చేయకపోతే మళ్ళీ పరీక్ష తప్పదు. నాలుగేళ్ళు దుబాయిలో ట్రైలర్ నడిపి వచ్చినవాడు కూడా ఆ వరుసలో నిలబడవలసిందే. విశేషమేమంటే, మన మోటారు వాహనాల చట్టం 9వ సెక్షన్ మేరకు, విదేశంలో అధికారికంగా జారీ అయిన లైసెన్సు చూపి, మెడికల్ సర్టిఫికెట్ నియమం పాటించినవారికి ఆ తరగతి వాహనానికి పరీక్ష అక్కరలేదు. మన కార్డుకు దుబాయిలో లేని విలువ, దుబాయి కార్డుకు మన ఊరి ఆర్.టి.ఓ. ఆఫీసులో ఉన్నది. తిరిగివచ్చేవారు దాన్ని గడువు తీరకముందే వెంట తెచ్చుకోవాలి.