పరుగెత్తే పిల్లకు ముందు పళ్ళెం నిండాలి

ఆటల్లో ఉన్న ఆడపిల్లను ఆసుపత్రికి తీసుకువచ్చే తల్లి సాధారణంగా రెండు మాటలు చెబుతుంది. పిల్ల మునుపటిలా పరుగెత్తలేకపోతోంది. సాయంత్రం పుస్తకం పట్టుకుంటే చాలు, కళ్ళు మూతలు పడుతున్నాయి. మూడో మాట మేము అడిగితేగాని బయటికి రాదు. మూడు నాలుగు నెలలుగా బహిష్టు కావడం లేదు. "ఆటలాడే పిల్లలకు అది మామూలేనటగదండీ! పోటీల రోజుల్లో ఆ బాధ తప్పింది" అని సరిపెట్టుకుంటారు.

అది మామూలు కాదు. తిండి చాలడం లేదని శరీరం ఇస్తున్న నోటీసు అది.

శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది. విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 2023లో బ్యాంకాక్‌లో ఆసియా స్వర్ణం తెచ్చింది. ఇప్పుడు చిన్న ఊళ్ళలో కూడా ఆడపిల్లలు తెల్లవారకముందే మైదానానికి వెళుతున్నారు. సంతోషించవలసిన విషయమే. అయితే బూట్లకూ బస్సు చార్జీలకూ లెక్క వేసే మనం, ఆ పిల్ల తిండికి మాత్రం లెక్క వేయడం లేదు.

ఖర్చు పోగా మిగిలేదెంత?

యాభై కిలోల బరువున్న అమ్మాయిని తీసుకోండి. కొవ్వు తీసివేస్తే ఆమె శరీరం సుమారు నలభై కిలోలు. వ్యాయామపు ఖర్చు పోగా, ఆ ఒక్కొక్క కిలోకూ రోజుకు 45 కేలరీలు మిగిలితే ఒంట్లో పనులన్నీ సవ్యంగా సాగుతాయి. 30కి తగ్గితే చిక్కులు మొదలవుతాయి. ఇది అందరికీ ఒకేచోట గీసిన గీత కాదు గాని, లెక్కకు పనికివస్తుంది.

ఈ అమ్మాయి ఉదయం టీ తాగి గంటసేపు గట్టిగా పరుగెత్తింది. సుమారు 500 కేలరీలు ఖర్చు. తరువాత రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త పచ్చడన్నం, "లావైతే పరుగెత్తలేవు" అని ఎవరో అన్నందుకు రాత్రి ఒక చపాతీ. మొత్తం 1500 అనుకుందాం. మిగిలింది వెయ్యి. అంటే కిలోకు పాతికే!

జీతం చాలని ఇంట్లో ముందుగా సున్నాలు, మరమ్మతులు ఆపుతాం కదా! శరీరమూ అంతే. గుండెనూ ఊపిరినీ ఆపలేదు కనుక బహిష్టును ఆపుతుంది. ఈస్ట్రోజెన్ తగ్గుతుంది. దానితో ఎముకలు సత్తువ కోల్పోతాయి. పడకుండానే, దెబ్బ తగలకుండానే ముంగాలి ఎముకలో పగుళ్ళు వస్తాయి. ఎముకలు గట్టిపడవలసిన వయసు కూడా ఇదే. అప్పుడు పోగొట్టుకున్నది తరువాత పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం 2014లో ఈ స్థితికి రెడ్-ఎస్ అని పేరు పెట్టింది. మగపిల్లలకూ ఇది వస్తుంది.

గాదె ఖాళీ అయితే

తిండి తగ్గితే ఇనుమూ తగ్గుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఆటల పిల్లలకు చెమటలోనూ, పాదాల తాకిడికి రక్తకణాలు చితకడం వల్లనూ మరికొంత ఇనుము పోతుంది.

హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనత అంటాం. కాని హిమోగ్లోబిన్ కుండలో ఉన్న బియ్యం వంటిది. ఫెరిటిన్ గాదెలో ఉన్న ధాన్యం. కుండ నిండుగా కనిపించినా గాదె ఖాళీ కావచ్చు. అందుకే అలసిపోయే క్రీడాకారిణికి ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించాలి.

ఏం చేయాలి?

ప్రాక్టీసుకు ముందు ఒక అరటిపండో, రాగి జావో ఇవ్వండి. ముగిసిన అరగంటలో గుడ్డు, ఉడికించిన శనగలు లేదా వేరుశనగ ఉండ పెట్టండి. అన్నం తగ్గించవద్దు, పప్పు పెంచండి. తోటకూర, ఉలవలు, సజ్జలు, నువ్వులు మంచివి. వాటిపై నిమ్మరసం పిండినా, ఉసిరి, జామ తిన్నా ఇనుము బాగా ఒంటబడుతుంది. మాంసాహారులు చేప, మాంసం, కార్జం పెట్టవచ్చు. అన్నం తిన్న వెంటనే టీ, కాఫీ వద్దు, గంట ఆగాలి. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు సుమా!

బడిలో వారానికొకసారి ఇచ్చే నీలం మాత్రను పిల్లలు పారేయకుండా చూడండి. నులిపురుగుల మందు కూడా వేయించండి. అయితే పరీక్షలో రక్తహీనత తేలితే వారానికొక మాత్ర చాలదు; డాక్టరు చెప్పిన మోతాదు వాడాలి. గట్టి వ్యాయామం తరువాత మూడు నుంచి ఆరు గంటలకు హెప్సిడిన్ అనే పదార్థం పెరిగి, పేగులలో ఇనుముకు అడ్డుపడుతుంది. కనుక మాత్రను ఉదయం ప్రాక్టీసుకు ముందో, ముగిసిన వెంటనేనో వేసుకోవడం మేలు. విరేచనం నల్లగా అయితే భయపడవద్దు. హిమోగ్లోబిన్ సరి అయ్యాక కూడా గాదె నిండడానికి సుమారు మూడు నెలలు వాడవలసి ఉంటుంది. పరీక్ష లేకుండా పెద్ద మోతాదులు మాత్రం సొంతంగా వాడవద్దు. ఎక్కువైన ఇనుమూ హానే.

మూడు నెలలు బహిష్టు ఆగినా, పదిహేనేళ్ళు నిండినా రజస్వల కాకపోయినా డాక్టరుకు చూపించండి. గర్భం, థైరాయిడ్ వంటి ఇతర కారణాలు ముందు తేల్చుకోవాలి. మాత్రలతో బహిష్టు రప్పించి నయమైందని అనుకోవద్దు. తిండి పెరగనిదే ఎముకకు మేలు జరగదు. అవసరమైతే కొన్నాళ్ళు ప్రాక్టీసు తగ్గించాలి. అలా తగ్గించినందువల్ల అమ్మాయి వెనకబడదు. ఎముక పగిలితే మాత్రం నెలల తరబడి మైదానానికి దూరమవుతుంది.

ఇంట్లో గోడకు వేలాడే క్యాలెండరు మీద అమ్మాయిని ప్రతి నెలా ఒక గుర్తు పెట్టుకోమనండి. పరుగు ఎన్ని సెకండ్లలో ముగిసిందో రాసుకునే పిల్ల, ఆ తేదీని కూడా అంతే శ్రద్ధగా రాసుకోవాలి.