సంతకానికి ముందే న్యాయసలహా

విడాకుల వ్యవహారంలో తెలుగు కుటుంబాలకు పెద్ద నష్టం చాలాసార్లు కోర్టు మెట్లెక్కక ముందే జరిగిపోతోంది. పెద్దమనుషుల పంచాయితీలోనో, పోలీస్ స్టేషన్ వరండాలోనో, నోటరీ బల్ల దగ్గరో అంతా తేల్చేస్తున్నారు. కట్నంలో ఇంత వెనక్కి, సామాను అప్పగింత, పిల్లలు తల్లి దగ్గర, ఇకపై ఒకరి మీద ఒకరికి ఏ హక్కూ లేదు అని బాండు పేపరు మీద రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టిస్తారు. అక్కడితో పెళ్లి రద్దయిపోయిందని రెండు కుటుంబాలూ నమ్ముతాయి. ఆ నమ్మకం తప్పని చెప్పే మనిషి ఆ క్షణాన అక్కడ ఉండడు. దంపతుల తగాదాలో మొదటి సంతకం పడకముందే ఉచిత న్యాయసలహా అందేలా చూడటం రాష్ట్ర ప్రభుత్వాల, హైకోర్టుల బాధ్యత. ఆ బాధ్యతను అవి ఇకనైనా తలకెత్తుకోవాలి.

1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం పెళ్లిని రద్దు చేసే అధికారం కోర్టుది. కొన్ని కులాల్లో తరతరాలుగా వస్తున్న ఆచారపు విడాకులను అదే చట్టంలోని 29వ సెక్షన్ కాపాడుతున్న మాట నిజమే. కానీ అలాంటి ఆచారం తమలో ఉందని సాక్ష్యాలతో రుజువు చేయాల్సింది దాన్ని చెప్పుకునేవారే. రుజువు కాకపోతే బాండు పేపరును నమ్మి చేసుకున్న రెండో పెళ్లి చెల్లదు. పైగా మొదటి భార్య లేదా భర్త బతికుండగా మళ్లీ పెళ్లాడిన నేరం మెడకు చుట్టుకుంటుంది. అందరికంటే దారుణంగా దెబ్బతినేది అలా విడిపోయిన మగవాడిని నమ్మి పెళ్లి చేసుకున్న స్త్రీ. అతను పోయాక ఫ్యామిలీ పింఛనుకో ఆస్తిలో వాటాకో వెళ్లినప్పుడు గానీ చట్టం దృష్టిలో తాను భార్యను కానని ఆమెకు తెలియదు. ఇక పిల్లల మనోవర్తి సంగతి. అది పిల్లల హక్కు. నాకేమీ అక్కర్లేదని తల్లి సంతకం పెట్టినంత మాత్రాన తండ్రి బాధ్యత తీరిపోదు. ఇదంతా విడమరచి చెప్పడానికి ఒక లాయరుకు పావుగంట చాలు. ఆ పావుగంట దొరకకపోవడం వల్ల రెండు తరాలు నష్టపోతున్నాయి.

సాయం చట్టంలో లేక కాదు. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసాయం పొందే అర్హత ఉంది. మిగతావారిలో చాలామందికి ఆదాయ పరిమితి పెట్టారు కాబట్టి పేద భర్త కూడా అడగవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేస్తే దారి చెబుతారు. మధ్యంతర మనోవర్తి దరఖాస్తును నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని హిందూ వివాహ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. మనోవర్తి కేసుల్లో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు వెల్లడిస్తూ అఫిడవిట్ దాఖలు చేయాలనీ, దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి లెక్కగట్టాలనీ సుప్రీంకోర్టు 2020లో ఆదేశించింది. విడాకులు పొందిన ముస్లిం స్త్రీకి కూడా పాత సీఆర్‌పీసీ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడిగే హక్కు ఉందని 2024 జులైలో తీర్పు వచ్చింది. ఆ కేసు తెలంగాణ నుంచి వెళ్లిందే. ఇన్ని రక్షణలున్నా, అడగాలని తెలియనివారికి వాటితో ఒరిగేదేమీ లేదు. పైగా 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం వాదోపవాదాల జోరు తగ్గాలన్న మంచి ఉద్దేశంతో లాయరును పెట్టుకోవడాన్ని హక్కుగా ఇవ్వలేదు. డబ్బున్నవాళ్లు అనుమతి తీసుకుని లాయరుతోనే వస్తారు. లేనివాళ్లు ఒంటరిగా నిలబడతారు.

విదేశీ సంబంధాల్లో ఈ లోటు మరింత ప్రమాదకరం. తిరుపతిలో పెళ్లాడిన దంపతుల కేసులో, భర్త అమెరికాలో తెచ్చుకున్న విడాకుల డిక్రీ ఇక్కడ చెల్లదని సుప్రీంకోర్టు 1991లోనే తేల్చింది. అయితే రెండోపక్షం ఆ విదేశీ కోర్టు అధికారానికి స్వచ్ఛందంగా లోబడిందా లేదా అన్నది అలాంటి కేసుల్లో కీలకమవుతుంది. అంటే, అమెరికా నుంచి కాగితాలు అందిన రోజున అమ్మాయి ఏం జవాబిచ్చింది, ఎక్కడ సంతకం పెట్టింది అన్నదాన్ని బట్టి ఆమె కేసు నిలబడవచ్చు, పడిపోవచ్చు. ఆ రోజున ఆమెకు బంధువుల సలహా ఒక్కటే దిక్కు కాకూడదు.

లాయరు అడుగుపెడితే కలవాల్సిన కాపురం కూడా విడిపోతుందని పెద్దలు అంటారు. ఈ భయాన్ని కొట్టిపారేయలేం. తగవును పెంచి బతికే న్యాయవాదులూ ఉన్నారు. కానీ కేసు గెలిపించడం వేరు, ఉన్న దారులన్నీ చెప్పడం వేరు. విడాకులు కోరకుండానే 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కింద రక్షణ, నివాసం, ఖర్చులు అడగవచ్చని తెలిసిన స్త్రీకి తొందరపడి తెగతెంపులు చేసుకోవాల్సిన అగత్యం ఉండదు. కోర్టులో ఏళ్లు పడుతుంది, పంచాయితీలో ఒక్క పూటలో తేలుతుంది అన్నది మరో వాదన. ఇద్దరూ నిజంగా ఒప్పుకున్నప్పుడు కోర్టులోనూ ఏళ్లు పట్టనక్కర్లేదు. ఏడాది విడిగా ఉన్నాక పరస్పర అంగీకారంతో పిటిషన్ వేయవచ్చు. ఆ తర్వాతి ఆరు నెలల గడువును తగిన పరిస్థితుల్లో కోర్టు మినహాయించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. పెద్దమనుషులు రాజీ కుదర్చడాన్ని ఎవరూ కాదనరు. ఆ రాజీని కోర్టు ముందుంచి డిక్రీగా మార్చుకోవాలి. ఉచితంగా వచ్చే లాయరు శ్రద్ధ పెట్టడన్న ఫిర్యాదులో మాత్రం చాలా నిజముంది. అరకొర ఫీజు ఇచ్చి, అదీ ఆలస్యం చేస్తే మంచి లాయర్లు ఆ జాబితాలో ఎందుకుంటారు?

చేయాల్సిన పనులకు కొత్త చట్టం అక్కర్లేదు. ప్రతి ఫ్యామిలీ కోర్టు ఆవరణలో పనివేళలంతా ఒక న్యాయసేవా లాయరు కూర్చోవాలి. కౌన్సెలింగ్‌కు పంపేముందు ఇరుపక్షాలకూ ఆయన హక్కులు వివరించాలి. ఒకే లాయరు ఇద్దరికీ వకాల్తా పుచ్చుకోకూడదు. దంపతుల మధ్య రాజీ కాగితం రాయించే ముందు న్యాయసేవాధికార సంస్థకు కబురు చేయడం పోలీస్ స్టేషన్లకు తప్పనిసరి చేయాలి. కోర్టు పంపే ప్రతి సమను మీదా ఉచిత న్యాయసాయం సంగతి, 15100 నంబరు, జిల్లా సంస్థ చిరునామా పెద్దక్షరాల తెలుగులో, అవసరమైన చోట ఉర్దూలో అచ్చువేయాలి. 60 రోజులు దాటిన మధ్యంతర మనోవర్తి దరఖాస్తులు ఏ కోర్టులో ఎన్ని ఉన్నాయో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు రెండూ నెలనెలా ప్రకటించాలి. న్యాయసేవా లాయర్ల ఫీజు బకాయిలను ప్రభుత్వాలు ఈ ఆర్థిక సంవత్సరంలోనే చెల్లించి, వచ్చే బడ్జెట్‌లో ఆ పద్దును పెంచాలి.