పంటిదాకా రాని వైద్య సంస్కరణ

ఖరీదైన శస్త్రచికిత్సలు పేదలకు ఉచితంగా అందినంత మాత్రాన వైద్యంలో అసమానత తొలగిపోదన్నది నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ముఖ్యంగా ఉదయగిరి, ఆత్మకూరు పల్లెల్లో, పంటి విషయంలోనే స్పష్టంగా తెలుస్తుంది. 2007లో మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆస్పత్రిలో చేరి పొందే చికిత్సల కోసం రూపొందిన పథకం కావడం వల్ల, పిప్పిపన్నుకు సిమెంటు పెట్టించడం, కట్టుడు పళ్లు, పంటి లోపలి చెడిన నరాన్ని తీసి పూడ్చే రూట్ కెనాల్ వంటివి చాలావరకు సొంత ఖర్చుకే మిగిలాయి. ఉద్యోగి కుటుంబం నెల్లూరు వెళ్లి పన్ను నిలుపుకుంటే, బస్సు ఛార్జీతో పాటు ఆ రోజు కూలి కూడా పోగొట్టుకోవలసిన వ్యవసాయ కూలీ లవంగం అదిమిపెట్టుకుని నెలలు నెట్టుకొచ్చి, రూట్ కెనాల్‌కు రెండు మూడుసార్లు తిరగాలి గనుక, ఒక్కసారితో తెమిలిపోయే మార్గంగా పన్నే పీకించుకుంటాడు. దీనికి తోడు ఫ్లోరైడ్ నీళ్లు: మోతాదు మించిన ఫ్లోరైడ్ వల్ల పళ్లు గారపట్టి, ఎముకలు బిగుసుకుపోయే ఫ్లోరోసిస్‌ను ఆనాటి నెల్లూరు జిల్లాలో వైద్యులు 1937లోనే గుర్తించారు, చిగురు లోపల పన్ను రూపుదిద్దుకునే పసితనంలోనే పడే ఆ గార ఎంత తోమినా పోదు. థాయిలాండ్ 2002 నాటి సార్వత్రిక ఆరోగ్య పథకంలోనే పన్ను తీయడం, పూడ్చడం, కట్టుడు పళ్లు చేర్చింది. ఇక్కడ కూడా వాటిని పథకంలో చేర్చి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే సామగ్రితో సహా అందించాలి. మెట్ట పల్లెలకు మంచినీళ్లు అంతకన్నా ముందే చేరాలి.