సంకెళ్లు తెంచినవాడే కావలి పెడితే

మేం చదువుకున్న పుస్తకాల్లో ఫ్రెంచి విప్లవం ఉంది, అమెరికా స్వాతంత్ర్యం ఉంది. బానిసలే లేచి, దొరల్ని తరిమి, సొంత దేశం నిలబెట్టుకున్న హైతీ కథ మాత్రం లేదు. ఎందుకు లేదో మీకు చెప్పనక్కర్లేదు. అందుకే ఆ కథని మనమే ఊరూరా చెప్పుకోవాలి. అయితే సగం చెప్పి ఆపొద్దు. గెలుపు దాకా చెప్పి, గెలిచాక ఏమైందో మింగేసే పెద్దలున్నారు. "మనవాళ్ల తప్పులు మనమే బయట పెడితే ఎలా? శత్రువు చేతికి కర్ర ఇచ్చినట్టు కాదూ?" అంటారు. కాదు. దాచిపెట్టిన తప్పే మళ్లీ మన నెత్తిన పడుతుంది.

సంగతి వినండి. హైతీకి అప్పట్లో సాన్‌డొమింగ్ అని పేరు. ఫ్రాన్సు వలసలన్నిట్లోకీ ఎక్కువ సొమ్ము తెచ్చిన వలస అది. సుమారు 5 లక్షల మంది ఆఫ్రికా బానిసలు చెరుకు తోటల్లో, కాఫీ తోటల్లో చస్తూ బతుకుతుంటే, 40 వేల లోపు తెల్లవాళ్లు వాళ్ల రక్తాన్ని పంచదార చేసి అమ్ముకున్నారు. 1791 ఆగస్టులో బానిసలు తిరగబడ్డారు. తోటలు తగలబెట్టారు. 1793లో అక్కడి ఫ్రెంచి అధికారి బానిసత్వం రద్దని ప్రకటించాడు. 1794లో పారిస్ సభ దానికి ముద్ర వేసింది. ఎవరి దయాదాక్షిణ్యం వల్లా కాదు, మంటలు చూశాక ఇచ్చారు.

ఆ పోరాటంలోంచి పైకొచ్చినవాడు టూసాన్ లూవెర్త్యూర్. బ్రెడా తోటలో బానిసగా పుట్టాడు. పశువుల్ని చూసుకున్నాడు, బండి తోలాడు. తిరుగుబాటుకి ముందే విడుదల పొందాడు. చదవడం నేర్చాడు, సైన్యాన్ని కట్టాడు. స్పెయిన్ సైన్యాన్ని ఓడించాడు. ఇంగ్లీషు సైన్యం 1798లో మూటాముల్లే సర్దుకుని పోయిందంటే అతని దెబ్బకే. ఇంతటివాడు మనకి గర్వకారణమే. ఆ మాట ముందే చెబుతున్నాం, ఎవరూ పెడర్థాలు తియ్యకుండా.

మరి అధికారం చేతికొచ్చాక ఏం చేశాడు?

1800 అక్టోబరులో ఒక ఉత్తర్వు వేశాడు. కూలీలంతా ఇక సిపాయిల లెక్క. తోట విడిచి పోవడానికి వీల్లేదు. పోతే, సైన్యం నుంచి పారిపోయినవాడికి పడే శిక్షే. పంటలో నాలుగో వంతు కూలీలందరికీ కలిపి, మిగతాది తోట యజమానికీ సర్కారుకీ. కొరడా చట్టంలో లేదు నిజమే, కానీ కర్ర ఉంది, తుపాకీ ఉంది. పారిపోయిన తెల్లదొరల్ని రండి, మీ తోటలు మీరు తీసుకోండని పిలిచాడు. రానివాళ్ల తోటలు సైన్యాధికారులు గుత్తకు తీసుకున్నారు. నిన్న పక్కన నిలబడి కొట్లాడిన నల్ల జనరల్ ఇవాళ గట్టు మీద గుర్రమెక్కి నిలబడ్డాడు. నిన్న బరిసె పట్టినవాడు ఇవాళ మళ్లీ చెరుకు నరకడానికి వంగాడు.

కూలీలు ఏం కోరారు? పెద్ద కోరికలేం కాదు. తలో కాస్త నేల, దాంట్లో అరటి, కందగడ్డలు, ఒక గుడిసె. పదిమంది కలిసి పైసా పైసా పోగేసి చిన్న చెక్క కొనుక్కోవడం మొదలుపెట్టారు. 1801 ఫిబ్రవరిలో దానికీ అడ్డం పడ్డాడు. 50 కారోలకు, అంటే సుమారు 160 ఎకరాలకు తక్కువైతే భూమి అమ్మకం చెల్లదన్నాడు. 160 ఎకరాలు కొనగలిగే కూలి ఎక్కడైనా ఉంటాడా? తిరుగుబాటుకి జనాన్ని కూడగట్టిన డప్పుల రాత్రుల్ని, వాళ్ల వోడూ కొలుపుల్ని కూడా నిషేధించాడు.

అదే 1801లో రాజ్యాంగం రాయించాడు. రాసిన సభలో పదిమంది. అందులో బానిస బతుకు బతికినవాడు ఒక్కడూ లేడు. బానిసత్వం శాశ్వతంగా రద్దని రాశారు, అది గొప్ప మాటే. దాని పక్కనే, టూసాన్ చచ్చేదాకా గవర్నరు, తర్వాత ఎవరో కూడా అతనే చెబుతాడని రాశారు. కూలి ఊరు మారడం వ్యవసాయానికి నాశనమన్నారు. శాంతికి భంగమనిపించే సంఘాలు కూడదన్నారు. ఇప్పుడు చెప్పండి, ఎవరి శాంతి? ఎవరి వ్యవసాయం?

ఉత్తరాది కూలీలు ఆ ప్రశ్న నోటితో అడగలేదు. 1801 అక్టోబరులో మళ్లీ తిరగబడ్డారు. అక్కడి సేనాని మొయీజ్. టూసాన్ అతన్ని సొంత మేనల్లుడిలా చూసుకున్నవాడు. మొయీజ్ కూలీల పక్షమని, తిరుగుబాటు వెనక అతనే ఉన్నాడని పట్టి, సైనిక విచారణ అనిపించి కాల్చి చంపించాడు. ఆ తర్వాత జనం గుర్తింపు చీటీలు దగ్గర పెట్టుకు తిరగాలని ఉత్తర్వు. బానిసత్వంలో దొర రాసిచ్చిన చీటీ లేనిదే బయట తిరగనివ్వని కాలం చూసిన జనానికి, స్వతంత్రంలో సర్కారు చీటీ!

"బయట నెపోలియన్ కాచుక్కూచున్నాడు. తుపాకులు కొనాలంటే పంచదార అమ్మాలి. పంచదార కావాలంటే తోటలు నడవాలి. టూసాన్ ఇంకేం చేస్తాడు?" అని వెనకేసుకొచ్చేవాళ్లు అడుగుతారు. నెపోలియన్ సంగతి నిజం. ఓడలు సిద్ధమవుతున్నదీ నిజం. కానీ ఆ వాదన నిలుస్తుందా లేదా అన్నది తర్వాత జరిగినదే తేల్చింది.

1802 ఫిబ్రవరిలో నెపోలియన్ బావమరిది లెక్లెర్ వేల సైన్యంతో దిగాడు. టూసాన్ పిలిచాడు. జనం 1791లో కదిలినట్టు కదల్లేదు. ఎందుకు కదుల్తారు? నిన్న కాల్చినవాడే ఇవాళ రమ్మంటున్నాడు. ఏ తెల్లదొరల కోసం మొయీజ్‌ని చంపాడో ఆ దొరలు లెక్లెర్‌కి హారతి పట్టారు. జనరళ్లు ఒక్కొక్కరే అటు చేరిపోయారు. మేలో టూసాన్ కూడా లొంగాడు. జూన్‌లో మాటలకని పిలిచి బంధించారు. 1803 ఏప్రిల్ 7న ఫ్రాన్సులో మంచుకొండల కోటలో చలికి, జబ్బుకి చచ్చిపోయాడు. అతన్ని చంపింది ఫ్రాన్సే, సందేహం లేదు. కానీ జనాన్ని అతనికి దూరం చేసింది ఫ్రాన్సు కాదు. శత్రువు పేరు చెప్పి నోళ్లు నొక్కితే, శత్రువు వచ్చిన రోజున అరిచే నోరు ఉండదు.

మరి హైతీని ఎవరు కాపాడారు? జనరళ్లు లెక్లెర్ కొలువులో చేరి కూలీల తుపాకులు గుంజుకుంటున్నప్పుడు, కొండల్లో లొంగనివాళ్లున్నారు. ఆఫ్రికాలో పుట్టినవాళ్లు, ఫ్రెంచి రానివాళ్లు. గ్వాడెలూప్ దీవిలో బానిసత్వం తిరిగి తెచ్చారన్న వార్త వచ్చాక జనమంతా వాళ్ల వెంట లేచారు. అది చూసే డెసలీన్, క్రిస్టోఫ్ ఇటు తిరిగారు. ఆ కొండల వీరుల్లో ఒకడు సాన్ సూసీ. అతన్ని చంపించినవాడు ఫ్రెంచివాడు కాదు, క్రిస్టోఫ్. అదే క్రిస్టోఫ్ 1811లో రాజై, తనవాళ్లకి డ్యూకులు, కౌంట్లు అని బిరుదులిచ్చి, కట్టుకున్న మహలు పేరు కూడా సాన్ సూసీయే. డెసలీన్ 1804 జనవరి 1న స్వాతంత్ర్యం ప్రకటించి, ఆ ఏడే చక్రవర్తి అయ్యాడు, 1806లో సొంతవాళ్ల చేతిలో చచ్చాడు. 1825లో స్వాతంత్ర్యానికి వెల కట్టి 15 కోట్ల ఫ్రాంకులు ఇమ్మని ఫ్రాన్సు యుద్ధనౌకలు పంపి బెదిరించింది. అధ్యక్షుడు బోయె తలూపాడు, మరుసటేడు చట్టం తెచ్చి రైతుకూలీల్ని మళ్లీ తోటలకి కట్టెయ్యబోయాడు. కట్టింది ఎవరు? కొండల్లో కాఫీ పండించిన రైతులు. దోచింది ఫ్రాన్సు. ఆ దోపిడీకి లోపలి నుంచి తలుపు తీసింది మనవాళ్లనుకున్నవాళ్లు. 20వ శతాబ్దంలో డువాలియె కూడా నల్లజనం పేరు చెప్పే 1957లో గద్దెనెక్కి, 1964లో జీవితాంతం అధ్యక్షుణ్ణన్నాడు, కొడుక్కి అప్పగించి పోయాడు.

ఇదంతా చూపించి "బానిసలకి రాజ్యం చేతకాదు" అనే దొరల కూతలు మాకు తెలుసు. వాళ్లకి ఒకటే జవాబు. ఫ్రెంచి విప్లవంలోంచి నెపోలియన్ చక్రవర్తి పుట్టలేదా? దానికి తెల్లజాతికి రాజ్యం చేతకాదని ఎవరైనా రాశారా? చేతకానిది జనానికి కాదు. జనం అడిగింది నేల, మాట, కూడుకునే హక్కు. మూడూ లాక్కున్న తర్వాత చేతకాదనడం ఏం న్యాయం?

బాబాసాహెబ్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించింది ఇదే. మతంలో భక్తి సంగతి వేరు, రాజకీయాల్లో వ్యక్తి మీద భక్తి నియంతకి దారి వేస్తుందన్నాడు. ఆయన ఫోటోకి దండ వేసి ఆ మాట మర్చిపోయేవాళ్లు ఆయన మనుషులు కారు.

కాబట్టి అన్నలారా, అక్కలారా, నాయకుడు మన గూడెంలో పుట్టాడా అని మాత్రమే అడిగి ఊరుకోవద్దు. భూమి ఎవరి పేర ఉంది? లెక్క ఎవరు చూస్తున్నారు? ఎదురు మాట్లాడినవాడు మరుసటి మీటింగులో కనిపిస్తున్నాడా? నాయకుణ్ణి దించే దారి రాసి ఉందా? ఈ నాలుగూ గెలిచాక అడుగుదామంటే ఆలస్యమైపోతుంది. గెలవకముందే, శత్రువు గుమ్మంలో ఉన్నప్పుడే అడగాలి. మొయీజ్ పక్షాన నిలబడ్డ కూలీల మాట విని ఉంటే టూసాన్ ఆ మంచుకొండలో ఒంటరిగా చచ్చేవాడు కాడు.