కొత్త కత్తి, గట్టి లాకు



పోయిన నెల కుట్టుమిషను బెల్టు జారితే ఏం చేయాల్నో రాసినాను. ఈ నెల కత్తి సంగతి.

కయత్తారు అని పేరు చెప్పగానే బయటూరోళ్లు కట్టబొమ్మన్ అంటారు. 1799 అక్టోబరు 16న ఆయన్ను ఉరి తీసింది మా ఊళ్లోనే. ఆయన కులపోళ్లు ఇంట్లో మాట్లాడేది తెలుగే అంటే నమ్మనోళ్లు ఇప్పటికీ ఉండారు. కత్తి అనగానే మీకు ఆయన విగ్రహం కళ్ల ముందుకొచ్చి ఉంటుంది. నేను చెప్పేది ఆ కత్తి కాదు. జేబులో పట్టే మడత కత్తి.

ఆడి మాసం గాలి లేచిందంటే మా మనమడికి సెలవు దొరకదు. వాడు గాలిమరల పనిలో ఉండాడు. మా ఊరి చుట్టూ ఎటు చూసినా ఆ రెక్కలే. గాలిమరలను పరీక్ష చేసే ప్రభుత్వ కేంద్రం గూడా మా కయత్తారులోనే ఉండాది. వాడు నిచ్చెనెక్కి పైకి పోయి వైర్లకు కట్టిన ప్లాస్టిక్ పట్టీలు కోయాల, టేపు కోయాల. ఒక చేత్తో పట్టుకొని ఇంకో చేత్తో చేసే పని. దానికని మదురైలో 600 రూపాయలు పెట్టి ఒక మడత కత్తి కొన్నాడు. తెరిస్తే టక్కుమని లాకు పడుతుంది. మూయాలంటేనే కష్టం. లాకు కదలదు.

ఆదివారం పొద్దున అరుగు మీద కూర్చొని దాంతో కుస్తీ పడుతుండాడు. బొటనవేలు ఎర్రగా కందిపోయింది.

"తాతా, నీ ఆకురాయి యాడుండాది?"

"దేనికిరా?"

"ఈ లాకు మొన రవ్వంత అరగదీస్తే సులువుగా వస్తాది."

నేను ఇయ్యలేదు. "ముందు కాపీ తాగు" అన్నాను. వాడికి ఏం చెప్పినానో మీకూ చెప్పాలని ఇది రాస్తుండాను.

1986లో మా మిల్లులో నాకు వరుసకు తమ్ముడయ్యే పిల్లోడు ఒకడు ఉండె. పేరు రాయను. రింగు ఫ్రేము మీద సైడరు. చేయి చానా చురుకు. నూలు తెగితే వాడు అతుకేసేది కంటికి కనపడేది కాదు. ఆ ఏడు కళుగుమలై తిరునాళ్లలో లాకు ఉండే మడత కత్తి ఒకటి కొనుక్కొచ్చినాడు. అంతకు ముందు మా అందరి దగ్గరా ఉండేది లాకు లేని కత్తి. లోపల ఒక స్ప్రింగు పట్టీ ఉంటుంది, అంతే. లాకు కత్తి అంటే అప్పుడు గొప్ప.

కొత్తది గదా, గట్టిగా ఉండె. రాత్రి షిఫ్టులో టీ వేళ నా దగ్గరకు తెచ్చి, "అన్నా, దీన్ని ఏమన్నా చేయి" అన్నాడు. నేను అప్పుడు ఫిట్టరుకు సాయంగా పని చేస్తుండాను. ఆకురాయి తీసిచ్చింది నేనే. ఎట్ల రుద్దాల్నో చూపించింది గూడా నేనే. పది రుద్దులు రుద్దేసరికి వెన్న మాదిరి అయింది. ఇద్దరం సంతోషపడినాం.

మూడు వారాలు గడిచినాయి. కోన్లు నింపిన మూటకు కుట్టు విప్పాలని వాడు కత్తి మొన గుచ్చినాడు. మొన ఇరుక్కుంది. అట్లే నొక్కినాడు. లాకు జారింది. బ్లేడు మడుచుకొని కుడిచేతి చూపుడు వేలు మీద పడింది. లోపల నరం తెగింది. ఆసుపత్రిలో కుట్లేసినారు. వేలు నిలిచింది గాని వంగదు.

మీకు చెప్పాల్సిన పని లేదు, నూలు అతకాలంటే బొటనవేలు, చూపుడు వేలు రెండూ మాట వినాల. వాడికి సైడరు పని పోయింది. ఊడ్చే పనికి మార్చినారు. కూలి తగ్గింది. సొంత కత్తి, సొంత తప్పు అన్నారు. నష్టపరిహారం ఏమీ రాలేదు. వాడు నన్ను ఈ రోజు దాకా ఒక్క మాట అనలేదు. "నా మేలు కోరే గదా చేసినావు అన్నా" అంటాడు. ఆ మాట వింటే నాకు ఇంకా కష్టంగా ఉంటుంది.

ఇప్పుడు లాకు ఎట్ల పని చేస్తుందో చూద్దాం. అది తెలిస్తే ఆకురాయి ఎందుకు పెట్టకూడదో మీకే తెలుస్తుంది.

ఈ కాలం మడత కత్తుల్లో చానా వాటికి పిడి లోపల పక్కన ఒక ఉక్కు రేకు ఉంటుంది. దాన్నే స్ప్రింగు మాదిరి లోపలికి వంచి ఉంటారు. బ్లేడు పూర్తిగా తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి బ్లేడు మొదలు కింద అడ్డం నిలబడుతుంది. తలుపుకు గడియ వేసినట్టు. మూయాలంటే ఆ రేకును బొటనవేలితో పక్కకు తోయాల. రేకు కొస, బ్లేడు మొదలు రెండూ ఒకే కోణంలో ఆనుకుంటేనే పట్టు. ఆ కోణం మిల్లీమీటరులో చిన్న భాగం మారినా పట్టు పోతుంది. చేత్తో ఆకురాయి పట్టి ఆ కోణాన్ని ఎవరూ కాపాడలేరు. నేను గూడా కాపాడలేకపోయినాను.

మరి కొత్తలో ఎందుకు గట్టిగా ఉంటుంది? మిషను మీద కోసిన ఉక్కుకు కంటికి కనపడని గీతలు, గరుకు ఉంటాయి. రెండు గరుకులు ఒకదాన్ని ఒకటి కరుచుకుంటాయి. స్పిన్నింగులో పని చేసినోళ్లకు ఇది కొత్త కాదు. రింగు ఫ్రేముకు కొత్త రింగులు వేసినప్పుడు మనం ఏం చేస్తాం? మొదటి రోజే పూర్తి స్పీడు పెడతామా? పెట్టం. స్పీడు తగ్గించి నడుపుతాం. ట్రావెలర్లను మామూలు కంటే తొందరగా మారుస్తాం. రింగు నున్నబడే దాకా ఓపిక పడతాం. తొందరపడి స్పీడు పెంచితే ట్రావెలరు కాలిపోతుంది, నూలు తెగుతూనే ఉంటుంది, రింగు గూడా చెడుతుంది. కొత్త లాకు అంతే. దాన్ని అరగదీయాల్సింది ఆకురాయి కాదు, వాడకం.

మా మనమడికి నేను చెప్పిన వరస ఇది.

మొదట, గట్టిగా ఉండేది లాకా, బ్లేడా అని చూడాల. లాకు పక్కకు తోసినాక బ్లేడు సులువుగా తిరిగితే తప్పు లాకుది. లాకు విడిపించినా బ్లేడే కదలకపోతే ఇరుసు బిగువు. ఇరుసు మర ఉంటే దాన్ని రవ్వంత, అంటే గడియారం ముల్లు ఐదు నిమిషాలు జరిగినంత, వదులు చేసి చూడాల. ఎక్కువ వదులు చేస్తే బ్లేడు అటూ ఇటూ ఆడుతుంది.

రెండు, శుభ్రం చేయాల. కొత్త కత్తిలో చిక్కని గ్రీసు, ఉక్కు నుసి ఉంటాయి. పాత పళ్ల బ్రష్షుతో సబ్బు నీళ్లు పెట్టి తోమి, గుడ్డతో తుడిచి, బాగా ఆరబెట్టాల. మన ఇళ్లలో చానా మంది అగ్గిపెట్టెల పని చేసేవాళ్లే, కిరసనాయిలు, పెట్రోలు జోలికి పోవద్దు.

మూడు, బ్లేడు అంచుకు పల్చని టేపు ఒక చుట్టు అంటించాల. నేర్చుకునే నాలుగు రోజులు అది అట్లే ఉండనీ. వేలు జారినా గీరుకోదు.

నాలుగు, పిల్లల పెన్సిలు తీసుకోండి. మెత్తనిదైతే ఇంకా మంచిది. బ్లేడు మొదట్లో లాకు రేకు వచ్చి ఆనే చోట పెన్సిలుతో నల్లగా రుద్దండి. పెన్సిలు ములుకులో ఉండేది గ్రాఫైటు. అది గరుకులో చేరి జారుడు ఇస్తుంది, ఉక్కును అరగదీయదు. అరిగిపోతే మళ్లీ రుద్దొచ్చు. నూనె మాత్రం లాకు ఆనే చోట వేయొద్దు. ఇరుసుకు కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు చాలు. వంటనూనె, కొబ్బరినూనె వద్దే వద్దు. కొన్నాళ్లకు బంక అవుతుంది. దూది నుసి, నూనె కలిస్తే ఏమవుతుందో మన కంటే తెలిసినోళ్లు ఎవరు?

ఐదు, మెల్లగా తెరవాల, మెల్లగా మూయాల. ఇక్కడే మన పిల్లోళ్లు తప్పు చేస్తారు. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ అనే ఊరు మడత కత్తికి పేరు పడింది. 2023లో ఆ ఊరోళ్లు నడి కూడలిలో 20 అడుగుల కత్తి బొమ్మ గూడా నిలబెట్టినారు. పాత హిందీ సినిమాల్లో రౌడీ చేయి విదిలించి టక్కుమని తెరిచేది ఆ రాంపురి కత్తినే. అది చూసి మనోళ్లు కొత్త కత్తిని విదిలించి తెరుస్తారు. విదిలిస్తే లాకు రేకు ఇంకా లోపలికి పోయి ఇరుక్కుంటుంది. తర్వాత ఊడదు. అందుకని రెండు చేతులతో నిదానంగా తెరిచి, మూసి, పూటకు 20, 30 సార్లు చేయండి. టీవీ చూస్తా చేయొద్దు. దాని మీదే కన్ను పెట్టి చేయండి.

ఆరు, మూసే తీరు. బ్లేడును మూసే వైపు లాగుతా లాకు నొక్కితే అది ఇంకా బిగుసుకుంటుంది. దానికి బదులు, బ్లేడును రెండు పక్కలా పట్టుకొని తెరిచే వైపుకే రవ్వంత ఒత్తి, అప్పుడు లాకు తోయండి. బరువు తగ్గి రేకు కదులుతుంది. రేకు జరిగి, బ్లేడు కొంచెం వంగగానే బొటనవేలు దోవలో నుంచి తీసేయాల. మిగతాది రెండో చేత్తో, బ్లేడు వీపు పట్టుకొని మూయాల. అంచు పడే కాడ ఏ వేలూ ఉండకూడదు. మరీ ఇరుక్కుంటే మొద్దు చెక్కపుల్లతో రేకును తోయండి. స్క్రూడ్రైవరు వద్దు, జారితే అరచేతిలో దిగుతుంది.

నాలుగు రోజులైనాక లాకును పరీక్ష చేయండి. కత్తి తెరిచి, పిడిని పై నుంచి పట్టుకొని, వేళ్లు బ్లేడు దోవలో లేకుండా, బ్లేడు వీపును చెక్క మీద మెల్లగా ఒత్తండి. లాకు నిలవాల. ఒక్కసారి జారినా ఆ కత్తి పనికిరాదు. లాకు వేసి ఉన్నా బ్లేడు ఆడుతుంటే, లాకు రేకు అవతలి పక్క దాకా పోయి ఆనుతుంటే, అంగడికి తీసుకుపోయి మార్చుకోండి. అందుకే బిల్లు పారేయొద్దంటాను. ఆకురాయి పెట్టిన కత్తిని ఏ అంగడోడూ వెనక్కి తీసుకోడు.

ఇంకొక మాట. నిమ్మకాయ, పుల్ల మామిడికాయ కోస్తే వెంటనే కడిగి తుడవండి. పులుపుకు ఉక్కు మచ్చ పడుతుంది, ఇరుసులో తుప్పు చేరుతుంది. పనికి పోయేటప్పుడు కత్తిని పనిముట్ల సంచిలో పెట్టుకోండి, బస్సులో జేబులో వద్దు.

మా మనమడు బుధవారం దాకా చేసినాడు. మొదటి రెండు రోజులు, "ఏమీ మారలేదు తాతా" అని సణిగినాడు. మూడో రోజు ఏమీ అనలేదు. బుధవారం రాత్రి నా ముందర తెరిచి, మూసి చూపించినాడు. వెన్న మాదిరి లేదు. గట్టిగానే ఉండాది, కాని చెప్పిన మాట వింటుంది. నాకు అదే కావాల. పైన గాలిలో, ఒక చేయి కమ్మీ మీద ఉన్నప్పుడు, వాడి వేళ్లను కాపాడేది ఆ గట్టితనమే.

కత్తి జేబులో పెట్టుకుంటా, "చిన్నతాత వేలు వంగకపోయేది దీనివల్లనా?" అని అడిగినాడు. చిన్నప్పటి నుంచి ఆ వేలు చూస్తుండాడు, మేమెవరం చెప్పలేదు. అవునన్నాను. ఆకురాయి ఇచ్చింది ఎవరో గూడా చెప్పినాను. వాడు కొంచెంసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇది అచ్చుకు పంపే ముందు మా తమ్ముడి ఇంటికి పోయి చదివి వినిపించినాను. వాడి సంగతి వాణ్ని అడక్కుండా రాసేది న్యాయం కాదు గదా. మొత్తం విన్నాడు. "రాయి అన్నా" అన్నాడు. "ఆకురాయి పెట్టొద్దనేది మాత్రం పెద్ద అక్షరాల్లో వేయమను."

పెద్ద అక్షరాలు పత్రికోళ్ల చేతిలో ఉండాది. నేను ఇక్కడ ఇంకోసారి రాస్తుండాను. లాకుకు ఆకురాయి పెట్టొద్దు.

వచ్చే నెల బీరువా తాళం తుప్పు పడితే ఏం చేయాల్నో చూద్దాం. అందరూ చల్లగా ఉండండి.